నావ్ లాగ్ నింపడం: సోలో క్రాస్ కంట్రీకి ముందు బల్ల మీది లెక్కలు

విమానయాన చార్టు బల్ల మీద పరిచాక నేను ముందు చూసేది రూటు కాదు, అంచున ఉన్న తేదీ. విమానయాన సమాచారం ఎయిరాక్ అనే 28 రోజుల అంతర్జాతీయ సవరణ చక్రం ప్రకారం మారుతుంది. పాత చార్టులో కొండలు మారవు గానీ ఫ్రీక్వెన్సీలు, ఎయిర్‌స్పేస్ హద్దులు, కొత్తగా లేచిన టవర్లు మారతాయి. తేదీ సరిగ్గా ఉంటేనే పెన్సిల్ పట్టుకుంటాను.

సోలో క్రాస్ కంట్రీ (విద్యార్థి పైలట్ ఒంటరిగా చేసే దూర ప్రయాణం) ప్లాన్‌కి ఇన్‌స్ట్రక్టర్ సంతకం పడాలంటే నావ్ లాగ్‌లోని (దిక్కు, సమయం, ఇంధనం లెక్కలు రాసే పట్టికలోని) ప్రతి గడికీ అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగాలి. ఆ పని పట్టాలెక్కాక నాకు తెలిసిందేమిటంటే, కూడికలు తీసివేతలు తప్పడం తక్కువ. ట్రూ (భౌగోళిక ఉత్తరం నుంచి కొలిచిన) అంకె ఉండాల్సిన చోట మ్యాగ్నెటిక్ (అయస్కాంత ఉత్తరం నుంచి కొలిచిన) అంకె, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండాల్సిన చోట స్థానిక సమయం, కిలోలు ఉండాల్సిన చోట పౌండ్లు పడటమే ఎక్కువ. అందుకే ప్రతి అంకె పక్కనా దాని జాతి కూడా రాసుకుంటాను.

చార్టు 1:500,000 స్కేలుది. దూరం, కోణం కొలిచే ప్లాటర్‌కి రెండు మూడు స్కేళ్లు ఉంటాయి. నాటికల్ మైళ్ల అంచుకు బదులు స్టాట్యూట్ మైళ్ల అంచుతో కొలిస్తే దూరం 15 శాతం ఎక్కువ వస్తుంది, 1:1,000,000 వైపు పెడితే రెట్టింపవుతుంది. అనుమానం వస్తే ప్లాటర్‌ని రేఖాంశం మీద నిలువుగా పెట్టి చూస్తాను. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, కాబట్టి 30 నిమిషాల గడి 30 మైళ్లు చూపించాలి. ట్రూ కోర్సును, అంటే చార్టు మీద గీసిన రూటు గీత దిక్కును, ఆ గీత మధ్యలో పడే రేఖాంశం దగ్గరే కొలవాలి. ఈ చార్టుల్లో రేఖాంశాలు పైకి వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి కాబట్టి గీత మొదట్లో కొలిచిన కోణం, చివర కొలిచిన కోణం ఒకటి కావు.

ఎత్తు ఎంచుకోవడానికి మాత్రం మ్యాగ్నెటిక్ ట్రాక్ (నేల మీద సాగే దారి దిక్కు) కావాలి. సాధారణ సెమీ సర్క్యులర్ నియమం ప్రకారం ట్రాక్ 000 నుంచి 179 దాకా అయితే బేసి వేల అడుగులకు 500 కలపాలి, 180 నుంచి 359 దాకా సరి వేలకు 500 కలపాలి. ట్రూ కోర్సు 175, వేరియేషన్ (ట్రూ, మ్యాగ్నెటిక్ ఉత్తరాల మధ్య తేడా) 10 పడమర అయితే మ్యాగ్నెటిక్ ట్రాక్ 185. అంటే 5500 కాదు, 4500 గానీ 6500 గానీ. హెడింగ్ (విమానం ముక్కు చూపే దిక్కు) చూసి ఎత్తు ఎంచుకోవడం కూడా తప్పే, చూడాల్సింది ట్రాక్. ఆ ఎత్తును చార్టు గడిలో పెద్ద అంకెలతో అచ్చు వేసిన గరిష్ఠ ఎత్తుతో పోల్చాకే లాగ్‌లో రాస్తాను.

ఇక గాలి. ఎత్తుల వారీ గాలి సూచనలో మనకు కావాల్సిన ఎత్తు సాధారణంగా రెండు వరుసల మధ్య పడుతుంది. 3000 అడుగుల దగ్గర 350 డిగ్రీలు, 6000 దగ్గర 010 అని ఉంటే మధ్యది ఉత్తరం నుంచి వచ్చే గాలి. రెండూ కూడి సగం చేస్తే 180 వస్తుంది, అంటే సరిగ్గా ఎదురు దిక్కు. మెటార్ (ఇప్పటి వాతావరణ నివేదిక), టాఫ్ (ఎయిర్‌పోర్టు వాతావరణ సూచన), ఎత్తుల గాలి అన్నీ ట్రూ దిక్కులో ఉంటాయి. టవర్ చెప్పే గాలి, ఏటిస్‌లో (ఎయిర్‌పోర్టు రికార్డు ప్రసారంలో) వినిపించే గాలి సాధారణంగా మ్యాగ్నెటిక్. నేను గుర్తు పెట్టుకున్నది ఇలా: రాతలో ఉన్న గాలి ట్రూ, చెవిన పడే గాలి మ్యాగ్నెటిక్.

ఈ6బి ఫిలిప్ డాల్టన్ 1930ల్లో రూపొందించిన, చక్రం తిప్పి లెక్కలు చేసే పరికరం. బ్యాటరీ అక్కర్లేదు. దాని మీద గాలి లెక్కల వైపును ఇలా వాడతాను: ట్రూ కోర్సు 090, ట్రూ ఎయిర్ స్పీడు (గాలిలో అసలు వేగం) 100 నాట్లు, గాలి 030 నుంచి 20 నాట్లు. చక్రం తిప్పి 030ని పై గుర్తు కిందకు తెస్తాను. మధ్య చిల్లు నుంచి పైకి 20 గీతలు లెక్కబెట్టి చుక్క పెడతాను. ఇప్పుడు 090ని పై గుర్తు కిందకు తిప్పి, చుక్క 100 వంపు మీద పడేదాకా స్లైడు జరుపుతాను. చిల్లు కింద 88 కనిపిస్తుంది, అదే గ్రౌండ్ స్పీడు, అంటే నేల మీద వేగం. చుక్క ఎడమకు 10 డిగ్రీల గీత మీద ఉంటుంది, కాబట్టి ట్రూ హెడింగ్ 080. గాలి ముందు ఎడమ నుంచి వస్తోంది కదా, ముక్కు ఎడమకు తిరగాలి, వేగం తగ్గాలి. జవాబు ఈ రెండింటికీ పొసగకపోతే చుక్క కిందకు పెట్టినట్టే. ఇందులో పెట్టే 100 విమానం మాన్యువల్‌లోని క్రూయిజ్ పట్టిక నుంచి తీసిన ట్రూ ఎయిర్ స్పీడు, మీటర్ మీద కనిపించే ఇండికేటెడ్ కాదు.

తర్వాత వేరియేషన్. పడమర అయితే కలుపు, తూర్పు అయితే తీసెయ్. ఈ రూటులో 12 పడమర కాబట్టి 080 కాస్తా 092 అవుతుంది. తిప్పి తీసేస్తే 068, అంటే 24 డిగ్రీల తేడా. అరవైకి ఒకటి సూత్రం ప్రకారం 60 మైళ్లు ఎగిరేసరికి దాదాపు 24 మైళ్లు పక్కన ఉంటాం. చివరగా కంపాస్ పక్కన అంటించిన డీవియేషన్ కార్డు, అంటే విమానంలోని లోహం, పరికరాల వల్ల కంపాస్‌లో వచ్చే తేడా చెప్పే కార్డు. 090కి 092 పట్టుకోమని ఉంటే రెండు కలిపి 094 రాస్తాను. ఆ కార్డు ఆ ఒక్క విమానానిదే. విమానం మారితే ఆ గడి మళ్లీ నింపాలి.

టేకాఫ్ దూరం మీద నేను ఎక్కువ సేపు కూర్చుంటాను. ఫీల్డ్ ఎత్తు 1500 అడుగులు, క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి సరిచేసిన గాలి పీడనం) 1003 అనుకోండి. ప్రామాణికమైన 1013 కంటే 10 తక్కువ, ఒక్కో హెక్టోపాస్కల్‌కి సుమారు 30 అడుగులు. ప్రెషర్ ఆల్టిట్యూడ్ (పీడనం ప్రకారం ఎత్తు) 1800. అక్కడ ప్రామాణిక ఉష్ణోగ్రత 15 నుంచి వెయ్యికి 2 చొప్పున తగ్గి సుమారు 11 డిగ్రీలు. బయట 36 ఉంటే తేడా 25. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3000 కలిస్తే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 4800. ఇంజినూ ప్రొపెల్లరూ రెక్కా మూడూ ఆ రోజు 4800 అడుగుల గాలిలో ఉన్నట్టే పని చేస్తాయి.

పట్టిక కన్నా దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న నోట్సు ముఖ్యం. సెస్నా 172ఎస్ పట్టికలో ఎదురుగాలి ప్రతి 9 నాట్లకు దూరం 10 శాతం తగ్గించుకోవచ్చు, వెనకగాలి అయితే ప్రతి 2 నాట్లకే 10 శాతం పెంచాలి. పొడి గడ్డి రన్‌వే అయితే నేల మీద పరుగుకు 15 శాతం కలపాలి. పైగా ఆ అంకెలు షార్ట్ ఫీల్డ్ పద్ధతికి, చదునైన పొడి రన్‌వేకి ఇచ్చినవి. వచ్చిన దూరానికి సగం మళ్లీ కలిపాక కూడా రన్‌వే సరిపోతేనే ముందుకు వెళ్తాను.

బరువు, బ్యాలెన్స్‌కి మాన్యువల్‌లోని నమూనా బరువు పనికిరాదు. ఆ సీరియల్ నంబర్ విమానాన్ని తూచి ఇచ్చిన కాగితం కావాలి. బరువును ఆర్మ్‌తో (నిర్ణీత బిందువు నుంచి దాని దూరంతో) గుణిస్తే మొమెంట్. మొమెంట్ల మొత్తాన్ని బరువుల మొత్తంతో భాగిస్తే గురుత్వ కేంద్రం. ఇంధనం ఖర్చయ్యాక దిగేటప్పటికి ఎక్కడుంటుందో కూడా చూడాలి.

ఇంధనం: 118 మైళ్లు, 88 నాట్లకు 80 నిమిషాలు. గంటకు 8.5 గ్యాలన్లయితే 11.3. స్టార్ట్, ట్యాక్సీ, టేకాఫ్‌కి 172ఎస్ మాన్యువల్ చెప్పే 1.4. ఎక్కడానికి అయ్యే అదనపు ఖర్చు క్లైంబ్ పట్టిక నుంచి తీసి కలుపుతాను. పగటి వీఎఫ్ఆర్‌కి (బయటికి కంటితో చూస్తూ ఎగరడానికి) నియమం అడిగేది 30 నిమిషాల నిల్వ, నేను రాసేది గంట. యూనిట్ రాయకుండా ఏ అంకెనూ వదలను. 1983లో కెనడా గగనంలో ఒక బోయింగ్ 767 ఇంధనం అయిపోయి గిమ్లీలో గ్లైడ్ చేస్తూ దిగింది. లీటరుకు 0.8 కిలోలు అని వేయాల్సిన చోట 1.77 వేశారు, అది పౌండ్ల అంకె.

నోటామ్‌లో (పైలట్లకు ఇచ్చే తాజా మార్పుల ప్రకటనలో) సమయం పదంకెల గుంపుగా, యూటీసీలో ఉంటుంది. 2503140430 అంటే 2025 మార్చి 14, 04:30. ముగింపు సమయం పక్కన ఈఎస్‌టీ అని ఉంటే అది అంచనా మాత్రమే, రద్దు చేసేదాకా ఆ నోటామ్ అమల్లో ఉన్నట్టే. ఫ్లైట్ ప్లాన్ ఫారంలో 15వ గడిలో ట్రూ ఎయిర్ స్పీడు రాయాలి, గ్రౌండ్ స్పీడు కాదు. 16వ గడిలో 80 నిమిషాలను 0120 అని రాయాలి. 19లో ఎండ్యూరెన్స్ అంటే ప్రయాణ సమయం కాదు, ట్యాంకుల్లో ఉన్నదంతా ఎంతసేపు వస్తుందో అది.

ఇదంతా అయ్యాకే ఫోర్‌ఫ్లైట్, స్కైడీమన్ లాంటి ప్లానింగ్ యాప్ తెరుస్తాను. హెడింగ్ రెండు డిగ్రీలు, సమయం ఒకటి రెండు నిమిషాలు తేడా వస్తే పట్టించుకోను. అంతకు మించితే కారణం దొరికేదాకా వెతకాలి. చాలాసార్లు గాలి వేరే గంటది తీసుకొని ఉంటుంది, లేదా యాప్‌లో విమానం ప్రొఫైల్ వేరే వేగంతో ఉంటుంది. ఎండలో టాబ్లెట్ వేడెక్కి ఆగిపోతుంది కాబట్టి మోకాలి బోర్డు మీద కాగితం తప్పనిసరి.

ఆ కాగితంలో అసలు చేరిన సమయం అనే గడి ఖాళీగానే బయల్దేరుతుంది. మొదటి రెండు చెక్‌పాయింట్లు కలిపి 22 మైళ్లు, 15 నిమిషాలు పట్టాలి. 17 పడితే గ్రౌండ్ స్పీడు 78 కిందకు వచ్చినట్టు. మిగిలిన 96 మైళ్లకు 65 బదులు 74 నిమిషాలు, ఇంకో 1.3 గ్యాలన్లు. నిల్వలోంచి అది తీసేసి కొత్త అంకె పక్కన రాసుకుని, మూడో చెక్‌పాయింట్ సమయం దిద్దుతాను.