ఆ మాత్ర ఆపమని చెప్పిందెవరు?

"ఇంగ్లీషు మందులు వాడితే కిడ్నీలు పోతాయంట." మా హైదరాబాద్‌లో ఈ మాట వినపడని చోటు లేదు. కేబీఆర్ పార్కులో వాకింగ్‌కి వచ్చినవాళ్ళు అంటారు, పెళ్ళి భోజనాల దగ్గర అంటారు, ఇక ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు సంగతి చెప్పక్కర్లేదు. నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినే మాట నిజమే. కానీ మన దేశంలో కిడ్నీలను ఎక్కువగా తినేస్తున్నది అదుపు తప్పిన షుగరూ, బీపీ. వాటికి వేసుకునే గోలీలు కాదు. ప్రకృతి వైద్యం పేరుతో నడిచే కొన్ని క్యాంపుల్లో ఆ గోలీలనే చేరిన రోజే ఆపించేస్తున్నారు.

నాకు ప్రకృతి వైద్యం మీద ఏ కోపమూ లేదు. బల్కంపేటలో అంత పెద్ద ప్రకృతి చికిత్సాలయం ఉంది, పక్కనున్న ఎంఎంటీఎస్ స్టేషన్‌కి కూడా నేచర్ క్యూర్ హాస్పిటల్ అనే పేరు. అక్కడి గాంధీ ప్రకృతి వైద్య కాలేజీలో ఐదున్నరేళ్ళు చదివి డాక్టర్లు అవుతారు. ఉప్పు తగ్గించు, పొట్ట తగ్గించు, నడువు, వేళకి పడుకో అంటే కాదనే కార్డియాలజిస్టు ఉండడు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. టైప్ 2 షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళకి, ఇన్సులిన్ వాడనివాళ్ళకి, మూడు నుంచి ఐదు నెలలు రోజుకి సుమారు 850 కేలరీలే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళలో 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ జబ్బు స్థాయి కిందకి దిగింది. అంటే తిండితో షుగర్ తగ్గుతుందన్నది గాలి మాట కాదు. ఆ ట్రయల్ డాక్టర్లూ మొదటిరోజే మాత్రలు ఆపించారు, కానీ ఎవరికి ఆపొచ్చో ముందే చూసుకుని, తర్వాత టెస్టులు చేస్తూ, పెరిగితే మళ్ళీ మందు మొదలుపెట్టేలా ఏర్పాటు చేసుకుని ఆపించారు.

ఇక్కడ జరిగేది వేరు. మా పిన్ని ఊరి బయట ఒక క్యాంపులో చేరితే, రిసెప్షన్‌లోనే మాత్రలన్నీ ఒక జిప్ కవర్లో వేయించుకుని, మీద మార్కర్‌తో పేరు రాసి, సొరుగులో పెట్టేశారు. ఏ మాత్ర దేనికని ఒక్కరూ అడగలేదట. బీపీది, షుగర్‌ది, థైరాయిడ్‌ది, అన్నీ ఒకే కవర్లోకి. పొద్దున మట్టి పట్టీ, ఎనిమా, తర్వాత బూడిద గుమ్మడి రసం, సాయంత్రం తొట్టి స్నానం. పిన్ని తిరిగొచ్చేసరికి ఒళ్ళు తేలికైంది, మొహంలో కళ వచ్చింది, "చూశావా, ఒక్క గోలీ లేకుండా ఎంత హాయిగా ఉన్నానో" అంది.

హాయిగానే ఉంటుంది మరి! థైరాయిడ్ మాత్ర ఆపిన వారానికి కూడా రక్తంలో దాదాపు సగం మిగిలే ఉంటుంది, ఇంకో వారానికి అందులో సగం. క్యాంపు అయిపోయేదాకా పని చేసింది ఆ పాత మాత్రే, పేరు మాత్రం గుమ్మడి రసానికి వచ్చింది. ఇంటికొచ్చాక కూడా మాత్ర జోలికి వెళ్ళలేదు, నెల దాటాక మొహం ఉబ్బింది, మలబద్ధకం, పగలంతా నిద్ర, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయిస్తే అంకె ఎక్కడికో పెరిగిపోయింది. అప్పుడు క్యాంపుకి ఫోన్ చేస్తే "విషాలు బయటికి పోతున్నాయమ్మా, ఓర్చుకోండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది ఈ మాటకే. తగ్గితే వైద్యం గొప్ప, ముదిరితే విషాలు పోతున్నట్టు, ఇక తప్పు బయటపడే దారేది?

ఇందులో ఇంకో చిక్కు ఉంది. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటూ ఉపవాసం చేస్తే షుగర్ పడిపోయి మనిషి కళ్ళు తిరిగి పడిపోవచ్చు, కాబట్టి దాన్ని తగ్గించాల్సిందే. డాపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో షుగర్ మాత్ర వాడేవాళ్ళు కడుపు మాడ్చుకుంటే మీటర్లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది, కాబట్టి ఉపవాసానికి ముందు దాన్నీ ఆపాలి. అంటే ఇలాంటివి కొన్ని ఆపాలి, థైరాయిడ్ మాత్రలాంటివి ఆపకూడదు, అది తేల్చాల్సింది సొరుగు తాళం ఉన్న మనిషి కాదు. ఇక ఒంట్లో ఇన్సులినే తయారుకాని టైప్ 1 షుగర్ పిల్లలకి ఇన్సులిన్ ఆపమనేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. ఇన్సులిన్ రాకముందు అమెరికాలో ఆలెన్ అనే డాక్టరు ఆ పిల్లలకి తిండి తగ్గించే వైద్యమే చేశాడు. ఎముకల గూళ్ళై కొంతకాలం బతికారు, అంతే. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఇన్సులిన్ ఎక్కించాకే ఆ కథ మారింది.

గాంధీ గారి కన్నా మట్టి పట్టీని నమ్మినవాళ్ళు ఎవరున్నారు? ఆయన కూడా 1924లో అపెండిసైటిస్ వస్తే పుణె ససూన్ ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించుకున్నారు. 1946లో ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్స ఆశ్రమం పెట్టిందీ ఆయనే.

జనం క్యాంపులకి ఎందుకు పోతున్నారో నాకు తెలుసు. కార్పొరేట్ ఆస్పత్రిలో రెండు గంటలు కూర్చోబెట్టి, మొహం కూడా చూడకుండా ఇంకో మాత్ర రాసి పంపిస్తే, అన్నం ఎంత తింటున్నావమ్మా, నిద్ర పడుతోందా అని అడిగేచోటికే మనసు పోతుంది. ఆ ప్రశ్నలు మన డాక్టర్లు అడగాలి, అడిగేదాకా ఈ గొడవ తెగదు.

ఈలోపు వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. మీ మాత్రల చీటీ ముందు మీ డాక్టరుకి చూపించి, ఏది కొనసాగించాలో కాగితం మీద రాయించుకుని వెళ్ళండి. అక్కడ చూసేవాళ్ళ డిగ్రీ ఏమిటో అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త, కొబ్బరినీళ్ళలో, పళ్ళరసాల్లో ఉండే పొటాషియం బయటికి పోక పేరుకుంటే గుండే ఆగిపోవచ్చు. చేర్చుకునేముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడగని చోట ఒక్క గ్లాసు జ్యూసు కూడా తాగకండి.