ఒకే మాఘమాసంలో పెళ్ళిళ్ళు, వేర్వేరు ఏళ్ళలో వీసాలు

2022 మాఘమాసంలో వారం రోజుల తేడాతో మా కుటుంబంలో ఒక పెళ్ళి, మా వీధిలో ఒక పెళ్ళి జరిగాయి. మొదటిది నా మేనకోడలిది, సింహాచలం కొండ మీద. రెండోది ఎదురింటి వారి అమ్మాయిది, విశాఖ ఎం.వి.పి. కాలనీలోని ఒక కల్యాణ మండపంలో. వరులిద్దరూ అమెరికాలో స్థిరపడినవారే, ఇద్దరూ ఆ ఏప్రిల్‌లోనే తమ భార్యల కోసం దరఖాస్తులు పెట్టారు. ఎదురింటి అమ్మాయి 2024 సంక్రాంతి పుట్టింట్లో చేసుకుని ఆ నెలాఖరులో విమానం ఎక్కింది. నా మేనకోడలు వెళ్ళింది మొన్న 2025 జూలైలో. ఈ మధ్య ఏడాదిన్నర పాటు మా అక్క నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఒరే తమ్ముడూ, వాళ్ళది అయిపోయింది, మనది ఎందుకు అవలేదురా? కాగితాల్లో ఏదో తప్పు పెట్టుంటావు, చూడు."

కాగితాలు సిద్ధం చేసింది నేనే కనుక ఆ నింద నా మీద పడడం సహజమే. ఒక తప్పు దొర్లిన మాట కూడా నిజమే, దాని గురించి తరువాత చెబుతాను. కానీ దాని వల్ల పోయింది రెండు నెలలు మాత్రమే. మిగిలిన కాలమంతా ఎక్కడ పోయిందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నేను పోర్టు ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సాయంత్రం పూట ఆర్.కె. బీచ్‌కు వెళ్ళేవారికి సముద్రంలో దూరంగా లంగరు వేసుకుని నిలిచిన ఓడలు కనిపిస్తాయి. ముందు వచ్చిన ఓడే ముందు లోపలికి వెళుతుందని చూసేవారు అనుకుంటారు గాని అలా జరగదు. బొగ్గు ఓడకు బొగ్గు దించే బెర్తు, కంటైనర్ల ఓడకు కంటైనర్ టెర్మినల్, నూనె ఓడకు నూనె జెట్టీ వేరువేరుగా ఉంటాయి; ఎక్కువ లోతు కావలసిన పెద్ద ఓడ ఇన్నర్ హార్బర్‌లోకి రానే రాదు, ఔటర్ హార్బర్‌లో చోటు ఖాళీ అయ్యేదాకా ఆగవలసిందే. అందుకే సోమవారం వచ్చిన ఓడ అక్కడే నిలబడి ఉండగా గురువారం వచ్చిన ఓడ ఆ రాత్రికే లోపలికి వెళ్ళిపోతుంది. సరుకు దించడానికి పట్టిన కాలం కన్నా బెర్తు కోసం కాచుకున్న కాలమే ఎక్కువైన ఓడలను ఎన్నో చూశాను. ఈ దరఖాస్తుల వ్యవహారం నాకు బోధపడింది ఆ అనుభవంతోనే.

ఎదురింటి అల్లుడు అమెరికా పౌరుడు. మా అల్లుడు చిన్నతనంలో తల్లిదండ్రులతో వెళ్ళక, వాళ్ళ తరువాత చాలా ఏళ్ళకు, 2019లో గ్రీన్ కార్డు పొందినవాడు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. "అబ్బాయికి పేపర్లు ఉన్నాయి" అన్న ఒక్క మాటతో పెద్దలందరం తృప్తిపడ్డాం. అమెరికా చట్టం మాత్రం ఈ రెంటినీ పూర్తిగా వేరు చేసి చూస్తుంది. పౌరుడి భార్యను అతి దగ్గరి బంధువుగా లెక్కిస్తుంది, అందువల్ల ఏటా ఇన్ని వీసాలే ఇవ్వాలన్న పరిమితి ఆమెకు వర్తించదు. గ్రీన్ కార్డు ఉన్నవాడి భార్య ఎఫ్2ఏ అనే వరుసలోకి వెళుతుంది. శాశ్వత నివాసుల కుటుంబాలకు ఏడాదికి 1,14,200 వీసాలన్నది ప్రాథమిక పరిమితి, అందులో 77 శాతం, అంటే సుమారు 87,900 ఈ వరుసకు దక్కుతాయి. వాటిని ప్రపంచంలోని అన్ని దేశాల భార్యలు, భర్తలు, 21 ఏళ్ళ లోపు పెళ్ళికాని పిల్లలు కలిసి పంచుకోవాలి.

మనవాళ్ళు ఎక్కువమంది వెళుతున్నారు కాబట్టి మన వరుస పొడుగ్గా ఉందని చాలామంది అంటుంటారు. ఉద్యోగాల ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల విషయంలో అది నిజమే గాని ఇక్కడ కాదు. ఎఫ్2ఏ వీసాలలో నాలుగింట మూడు వంతులకు దేశాలవారీ పరిమితి లేదు. ఏ తేదీకి ముందు దరఖాస్తు పెట్టినవారికి వీసా ఇస్తారన్నది సాధారణంగా మనకూ దాదాపు ప్రపంచమంతటికీ ఒకటే. పెళ్ళి, గ్రీన్ కార్డు, ఈ రెంటిలో ఏది ముందు జరిగిందన్నది కూడా ముఖ్యమే. అబ్బాయికి ఉద్యోగ కోటాలోనో, పెళ్ళయినవారికీ వర్తించే కుటుంబ కోటాలోనో గ్రీన్ కార్డు మంజూరు కాకముందే పెళ్ళి జరిగి ఉంటే భార్య అతని వెనుకే, అతని వరుసలోనే, వేరే కోటా కోసం ఆగకుండా వెళ్ళగలదు. ముహూర్తం పెట్టిన పురోహితుడు లగ్నంలో గురుబలం చూశాడు, ఇది మాత్రం ఎవరూ చూడలేదు.

మేము దరఖాస్తు పెట్టిన రోజున ఈ వరుస ఎవరికీ కనిపించకపోవడానికి కూడా కారణం ఉంది. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ ప్రకటిస్తుంది. 2019 జూలై నుంచి 2023 మార్చి దాకా అందులో ఎఫ్2ఏ అందరికీ తెరిచే ఉంది. అంటే వీసాల కన్నా సిద్ధమైన దరఖాస్తులు తక్కువగా ఉన్నాయన్నమాట. కరోనా కారణంగా 2020 మార్చిలో కాన్సులేట్లు మామూలు పనులు ఆపివేయడంతో ఇంటర్వ్యూలు పేరుకుపోయాయి గాని వరుస మాత్రం తెరిచే ఉంది. ఆ ధైర్యంతోనే మా అల్లుడు "ఏడాదిలో అయిపోతుంది మావయ్యా" అన్నాడు. 2023 ఏప్రిల్ బులెటిన్‌లో తేదీ ఒక్కసారిగా వెనక్కి వెళ్ళి 2020 సెప్టెంబరు 8 దగ్గర ఆగింది. ఆ తేదీకి ముందు దరఖాస్తు పెట్టినవారికే వీసా. మాది 2022 ఏప్రిల్. వరుస ముందుకు కదలకపోవడం వేరు, మనం నిలుచున్న చోటును దాటి వెనక్కి జరగడం వేరు. ఆ రోజు మా అక్కకు ఈ సంగతి ఫోన్‌లో చెప్పలేక, కంచరపాలెం దాకా స్వయంగా వెళ్ళి చెప్పాను.

ఆ రోజుల్లోనే ద్వారకా నగర్‌లో ఉండే ఒక కన్సల్టెంటు, ముంబై కాన్సులేట్‌లో తనకు తెలిసినవారు ఉన్నారని, కొంత ఖర్చు పెట్టుకుంటే పని వేగంగా అవుతుందని మా బావకు చెప్పాడు. బావ యాభై వేలు సిద్ధం చేసుకున్నాడు కూడా. మన ఫైలు ఇంకా ముంబైకి రానేలేదని, అది అమెరికాలోనే ఉందని, అక్కడ కూడా ఏ గుమాస్తా నిర్లక్ష్యం వల్లా ఆగలేదని, అంకె వల్ల ఆగిందని ఆయనకు నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకు వచ్చింది.

ఫైలు ఎక్కడెక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి. మొదట భర్త ఐ-130 అనే పత్రాన్ని అమెరికా పౌరసత్వ, వలస సేవల శాఖకు పంపుతాడు. ఆ శాఖకు నెబ్రాస్కా, టెక్సాస్, కాలిఫోర్నియా, వెర్మాంట్, పొటోమాక్ వంటి సేవా కేంద్రాలు ఉన్నాయి. ఏ దరఖాస్తు ఎక్కడికి పోతుందో మన ఇష్టం కాదు, అన్నింటా పని ఒత్తిడి ఒకేలా ఉండదు, మధ్యలో ఒక చోటి నుంచి మరొక చోటికి బదిలీ కూడా చేస్తారు. ఆమోదం పొందిన తరువాత అది న్యూ హాంప్‌షైర్‌లోని జాతీయ వీసా కేంద్రానికి చేరుతుంది. అక్కడ ఫీజులు, పౌర పత్రాలు, భర్త ఆదాయపు హామీ పత్రం చూస్తారు. ఆ ఆదాయం అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. లేకపోతే మరొకరు పూచీ పడాలి, ఆ రెండో మనిషి పన్ను పత్రాలు తెప్పించేసరికి ఇంకొంత కాలం. అన్నీ సరిపోయాయని వారు తేల్చిన తరువాత గాని ముంబైలో ఇంటర్వ్యూ కోసం నిలబడే వరుస మొదలు కాదు. హైదరాబాదులో కాన్సులేట్ ఉంది కదా అని అందరూ అడుగుతారు. స్థిరనివాసపు వీసాలకు మనవైపు వారిని సాధారణంగా ముంబైకే పిలుస్తారు. ఇంటర్వ్యూ అయిన తరువాత కూడా 221(జి) అనే చట్ట నిబంధన కింద ఏదైనా పత్రం అడిగినా, పేరు మరొకరి పేరుతో సరిపోలి భద్రతా తనిఖీకి పోయినా, అది ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పరు.

ఇన్ని చోట్ల ఒక అధికారి నిజంగా ఆ ఫైలు తెరిచి చదివే సమయం అంతా కలిపినా బహుశా ఒక పూటకు మించదని నా అంచనా. మిగిలినదంతా బల్లకూ బల్లకూ మధ్య నిరీక్షణే.

ఇప్పుడు నా తప్పు. మా మేనకోడలి జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు, తేదీ, ఆసుపత్రి అన్నీ ఉన్నాయి, బిడ్డ పేరు మాత్రం ఖాళీ. బారసాలకు ముందే ఆసుపత్రివారు నమోదు చేయించిన పత్రాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. బడిలో వేసేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను అలాగే అప్‌లోడ్ చేశాను, వారు తిప్పి పంపారు. పేరు చేర్పించి కొత్త పత్రం తెచ్చుకుని మళ్ళీ వరుసలో నిలబడేసరికి రెండు నెలలు గడిచాయి. వరుస ఎలాగూ మూసుకుని ఉన్న రోజులు కనుక ఆ రెండు నెలల వల్ల మాకు వాస్తవంగా నష్టం జరగలేదు గాని, ఎదురింటి వారికి ఇదే జరిగి ఉంటే వారి ప్రయాణం అంత మేరకు వాయిదా పడేది. మరొక చిక్కు జిల్లాది. ఆమె పుట్టింది చోడవరంలో. పాస్‌పోర్టులోనూ జనన పత్రంలోనూ విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తీసుకున్న పత్రాలలో అనకాపల్లి జిల్లా. రెండూ సరైనవేనని వివరిస్తూ ఒక లేఖ జతచేశాం, ఎవరూ ప్రశ్నించలేదు. ఇంటిపేరు విషయంలో మాత్రం ముందే జాగ్రత్త పడ్డాను. పదో తరగతి పత్రంలో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్ళి ధ్రువపత్రంలో చివర, ఇలా మన ఇంటిపేరు మూడు చోట్ల మూడు రూపాల్లో ఉండడం మనకు మామూలు, అక్కడివారికి మాత్రం ముగ్గురు మనుషులు.

మా అక్కను అన్నిటికన్నా బాధపెట్టింది వలస సేవల శాఖవారి వెబ్‌సైట్‌లో కనిపించే నెలల లెక్క. అక్కడ వేసే సంఖ్య, ఇటీవల ముగిసిన దరఖాస్తులలో 80 శాతం ఎంత కాలంలో ముగిశాయో చెబుతుంది. అంటే అది ఇప్పటికే ఒడ్డు చేరినవారి లెక్క. ఐదింట ఒకరికి అంతకన్నా ఎక్కువే పట్టిందని కూడా దాని అర్థం. పైగా అది ఆ ఒక్క బల్లకు సంబంధించినది, మొత్తం ప్రయాణానిది కాదు. రైల్వేవారి బోర్డు మీద రాసిన సమయం లాగా దాన్ని చదివితే ప్రతి నెలా నిరాశ తప్పదు. ఆస్ట్రేలియావారు సగం మందికి ఇంత, 90 శాతం మందికి ఇంత అని రెండు అంకెలు వేస్తారు, నాకు అది నిజాయితీగా అనిపించింది.

కెనడా పద్ధతి వేరుగా ఉన్నా మూలం ఇదే. సీతమ్మధారలో ఉండే నా మిత్రుడి పెద్ద కొడుకు టొరంటోలో, చిన్న కొడుకు మాంట్రియల్‌లో ఉంటారు. అక్కడ శాశ్వత నివాసికైనా పౌరుడికైనా భార్య విషయంలో ఒకటే వరుస. అయితే మాంట్రియల్ ఉన్నది క్యూబెక్ రాష్ట్రంలో. అక్కడ భర్త ఇచ్చే పూచీని రాష్ట్ర ప్రభుత్వం కూడా ఆమోదించాలి. 2024 జూన్ 26 నుంచి రెండేళ్ళ కాలానికి కుటుంబ దరఖాస్తులు 13,000 మాత్రమే తీసుకుంటామని, అందులో జీవిత భాగస్వాములకు, ఆధారపడిన 18 ఏళ్ళు నిండిన పిల్లలకు కలిపి 10,400 అని ఆ రాష్ట్రం పరిమితి పెట్టింది. ఒకే ఇంటి అన్నదమ్ములు, ఒకే దేశం, ఇద్దరు కోడళ్ళూ డిగ్రీ చదివినవారే. పెద్ద కోడలు వెళ్ళిపోయింది, చిన్న కోడలు ఇంకా అత్తవారింట్లోనే ఉంది. ఈ తేడాకు జాతకాలను కారణంగా చూపినవారు కూడా ఉన్నారు.

మా మేనకోడలి కథ మలుపు తిరిగింది బులెటిన్ వల్ల కాదు. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు నిండడంతో మా అల్లుడు పౌరసత్వానికి దరఖాస్తు చేసి 2024 నవంబరులో ప్రమాణం చేశాడు. ఆ ధ్రువపత్రం నకలును జాతీయ వీసా కేంద్రానికి పంపిన తరువాత, పాత ఐ-130 పత్రాన్నే పౌరుడి భార్య వరుసలోకి మార్చారు. కొత్త దరఖాస్తు అవసరం పడలేదు. అంతవరకు ఔటర్ హార్బర్ కోసం ఆగిన ఓడ లోపలి బెర్తుకు సరిపోయేదిగా మారిపోయింది. 2025 మే నెలలో ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్‌లో ముంబై వెళ్ళాం. వైద్య పరీక్షలు, తరువాత ఇంటర్వ్యూ. లోపల ఆమెను పది నిమిషాలు కూడా ప్రశ్నించలేదట.

పెళ్ళయి రెండేళ్ళు దాటిన తరువాత అమెరికాలో అడుగుపెట్టింది కనుక ఆమెకు పదేళ్ళ కార్డు, ఏ షరతూ లేకుండా వచ్చింది. ఎదురింటి అమ్మాయి దిగేసరికి పెళ్ళయి రెండేళ్ళు నిండడానికి ఇంకా మూడు వారాలు తక్కువ. అందువల్ల ఆమెది రెండేళ్ళ షరతుతో కూడిన కార్డు. అది ముగియడానికి ముందున్న 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ ఆ షరతు తొలగించమని కోరే ఐ-751 దరఖాస్తు దాఖలు చేసి, కాపురం నిజమైనదేనని మరోసారి నిరూపించుకోవాలి. ఆ గడువు 2025 అక్టోబరులో మొదలైంది. పెళ్ళి నాటి ఫొటోలలో బంధువుల పేర్లు, వరుసలు రాసిన జాబితా నా దగ్గర ఉందేమోనని వాళ్ళ నాన్నగారు నిన్న సాయంత్రం వచ్చి అడిగి వెళ్ళారు.