రోయింగ్ మెషిన్ మీద మన తప్పు మనమే పట్టుకోవడం

రోయింగ్ మెషిన్ మీద ఒంటికి తెలిసేది ఒకటి, బయటికి కనిపించేది ఇంకొకటి. చేతులు చాచే ఉంచామనుకుంటాం, వీడియోలో చూస్తే కాళ్ల పని సగం కూడా కాకముందే మోచేతులు వంగి ఉంటాయి. వీపు నిటారుగానే ఉందనుకుంటాం, తీరా చూస్తే నడుము గుండ్రంగా ఒరిగిపోయి ఉంటుంది. పక్కన అద్దం పెట్టుకున్నా లాభం లేదు. అందులో చూసుకోడానికి తల తిప్పగానే భుజాలూ తిరుగుతాయి, అసలు భంగిమే మారిపోతుంది. పైగా హ్యాండిల్ లాగే భాగమంతా సెకనులోపే అయిపోతుంది కాబట్టి మామూలు కంటికి అందదు. మన జిమ్ముల్లో బరువులు ఎత్తడం నేర్పేవాళ్లున్నారు గానీ రోయింగ్ నేర్పేవాళ్లు అరుదు. అందుకే ఫోన్ కెమెరానీ, మెషిన్ మానిటర్‌నీ కోచ్‌లుగా వాడుకోవడం తెలియాలి. ఇక్కడ చెప్పే అంకెలు, మెనూలు జిమ్ముల్లో ఎక్కువగా కనిపించే కాన్సెప్ట్2 మెషిన్‌వి, దాని పీఎం5 మానిటర్‌వి. శరీరం గురించి చెప్పేది ఏ మెషిన్‌కైనా వర్తిస్తుంది.

వీడియో తీసేముందు డ్రాగ్ ఫ్యాక్టర్, అంటే చక్రం ఎంత తొందరగా నెమ్మదిస్తుందో చెప్పే అంకె, చూసుకోండి. చక్రం పక్కనున్న లివర్‌ని 10 మీద పెట్టి లాగితే ఎక్కువ వ్యాయామం అవుతుందని చాలామంది నమ్మకం. ఆ లివర్ చేసే పని చక్రంలోకి వెళ్లే గాలిని పెంచడం, తగ్గించడం, అంతే. స్ట్రోక్ అంటే ఒకసారి లాగి మళ్లీ ముందుకు రావడం. గాలి ఎక్కువ వెళ్తే రెండు స్ట్రోకుల మధ్య చక్రం తొందరగా నెమ్మదిస్తుంది, తర్వాతి స్ట్రోక్ మొదట్లోనే బరువుగా తగులుతుంది. ఆ బరువుకి ముందు లొంగేది నడుమే. మానిటర్‌లో మోర్ ఆప్షన్స్‌కి వెళ్లి డిస్‌ప్లే డ్రాగ్ ఫ్యాక్టర్ ఎంచుకుని నాలుగైదు స్ట్రోకులు లాగితే అంకె కనిపిస్తుంది. నేర్చుకునే దశలో ఎక్కువమందికి 110 నుంచి 130 మధ్య సరిపోతుంది. లివర్ అంకెని నమ్ముకోవద్దు. ఒక మెషిన్ మీద 4, ఇంకో మెషిన్ మీద 4 ఒకటి కావు. మన ఊళ్ల దుమ్ముకి చక్రం చుట్టూ ఉన్న జాలీ పూడుకుపోతుంది, గాలి ఆడదు, లివర్ కదపకపోయినా డ్రాగ్ ఫ్యాక్టర్ పడిపోతుంది. పోయిన నెల కంటే అంకె బాగా తగ్గిందంటే మొదట చెయ్యాల్సింది జాలీకి వాక్యూమ్ పెట్టడం.

తర్వాత పాదాలు. పట్టీ బూటు మీద అన్నిటికంటే వెడల్పైన చోట, అంటే వేళ్ల మొదళ్ల మీదుగా పోవాలి. మడమ పట్టుకునే ముక్కని కిందికి జరిపితే పాదం దిగుతుంది, పట్టీ వేళ్ల వైపు వస్తుంది. పైకి జరిపితే పట్టీ చీలమండ వైపు పోతుంది, ముందుకు వచ్చినప్పుడు పాదం మడవడం కష్టమవుతుంది. చీలమండలు బిగుసుకున్నవాళ్లు ఒక రంధ్రం కిందికి దింపి చూడండి. మీ చీలమండల సంగతి తెలుసుకోవాలంటే నేలమీద గొంతుక్కూర్చుంటే చాలు. మడమలు ఆనించి నిలకడగా కూర్చోగలిగితే ఇబ్బంది లేదు. వెనక్కి పడిపోతుంటే మెషిన్ మీద కూడా ముందుకు వచ్చిన చివర మడమలు కొద్దిగా లేస్తాయి. అది తప్పు కాదు, బలవంతంగా నొక్కి ఉంచక్కర్లేదు.

వీడియోకి ఫోన్‌ని సీటు జరిగే పట్టాకి సరిగ్గా పక్కన, మూడు మీటర్ల దూరంలో, నేలనుంచి 60–70 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టండి. ప్లాస్టిక్ స్టూలు మీద రెండు లావు పుస్తకాలు పేరిస్తే దాదాపు ఆ ఎత్తు వస్తుంది. హ్యాండిల్ తిరిగే ఎత్తూ అంతే కాబట్టి చైన్ గీత ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. దగ్గరగా పెట్టి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచులు వంగి కోణాలన్నీ తప్పుగా కనిపిస్తాయి. సెకనుకి 120 ఫ్రేముల స్లో మోషన్ చాలు. వదులు టీషర్టు వేసుకుంటే తుంటి దగ్గర వంపు కనిపించదు, ఒంటికి పట్టుకునే బట్టలు వేసుకోండి. భుజం, తుంటి, మోకాలు, చీలమండ దగ్గర రంగు టేపు ముక్కలు అంటిస్తే ఇంకా మంచిది.

ఎప్పుడు తియ్యాలన్నది కూడా ముఖ్యం. పది నిమిషాలు లాగి ఒళ్లు వేడెక్కాక నిమిషానికి 20 స్ట్రోకుల మీద మూడు నిమిషాలు తీసి, మొదటి నిమిషం చూడకుండా వదిలేయండి. ఆ నిమిషంలో మనం కెమెరా కోసం లాగుతాం. వర్కవుట్ చివర అలిసిపోయాక ఇంకో నిమిషం తియ్యండి. ఒకసారి వెనకనుంచి కూడా తీస్తే చైన్ నడిమధ్య నడుస్తోందా, సీటు మీద ఒక పక్కకి ఒరుగుతున్నారా అన్నది తెలిసిపోతుంది.

ఇక చూడటం. వీడియో మొత్తం తిప్పితిప్పి చూస్తే ఏమీ అర్థం కాదు. ఒక్క స్ట్రోక్ తీసుకుని నాలుగు చోట్ల ఆపండి: పూర్తిగా ముందుకు వచ్చిన క్షణం, అంటే క్యాచ్. లాగేటప్పుడు హ్యాండిల్ మోకాళ్లు దాటే క్షణం. లాగడం పూర్తయిన ఫినిష్. తిరిగి వెళ్లేటప్పుడు, అంటే రికవరీలో, హ్యాండిల్ మోకాళ్లు దాటే క్షణం.

క్యాచ్‌లో మోకాలి కింది కాలు నేలకి నిలువుగా ఉండాలి. మోకాలు చీలమండని దాటి ముందుకు పోతే ఎక్కువ ముడుచుకున్నట్టు, అక్కడినుంచి తొయ్యడానికి బలం ఉండదు. భుజాలు తుంటికి ముందుండాలి, శరీరం నిలువు గీతనుంచి 30 డిగ్రీల దాకా ముందుకి వాలాలి. వాలు తుంటి దగ్గర రావాలి, నడుము వంచి కాదు. నడుము గుండ్రమైతే మీరు కూర్చునే ఎముకల వెనక అంచు మీదికి జారిపోయి ఉంటారు. వాటి ముందు అంచు మీదికి వచ్చి కూర్చోండి. అయినా కుదరకపోతే తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉంటాయి. వాటికి పని చెప్పేదాకా కొంచెం తక్కువ ముందుకు రావడమే మేలు. నడుములో మొదలై కాలిలోకి పాకే నొప్పి ఉంటే మాత్రం వీడియోలు పక్కనపెట్టి ఫిజియోథెరపిస్టుని కలవండి.

క్యాచ్ తర్వాత పది పదిహేను ఫ్రేములు మెల్లగా జరపండి. ఎక్కువ బలం వృథా అయ్యేది ఇక్కడే. లాప్‌టాప్ తెరమీద చిన్న కాగితం ముక్కలతో సీటు ఉన్న చోటు, హ్యాండిల్ ఉన్న చోటు గుర్తు పెట్టుకోండి. ఫ్రేములు జరిపేకొద్దీ రెండూ సమానంగా వెనక్కి రావాలి. సీటు జానెడు జరిగినా హ్యాండిల్ రెండు వేళ్లే కదిలిందంటే కాళ్లు చైన్‌ని లాగలేదు, సీటుని మాత్రం తోశాయి. బియ్యం బస్తా ఎత్తేటప్పుడు నడుము బిగించకుండా మోకాళ్లు సాచేస్తే ఏమవుతుంది? బస్తా నేలమీదే ఉంటుంది, పిరుదులు లేస్తాయి, ఆపైన బరువంతా నడుము మోయాలి. ఇదీ అంతే. దీన్ని పట్టించే ఇంకో సాక్షి పీఎం5 ఫోర్స్ కర్వ్, అంటే లాగుతున్నంతసేపూ బలం ఎలా మారిందో చూపే గీత. డిస్‌ప్లే మార్చుకుంటూ పోతే వస్తుంది. బాగా లాగిన స్ట్రోక్‌కి గీత ఒక్క గుట్టలా నున్నగా లేచి దిగుతుంది. హ్యాండిల్ కంటే ముందే సీటు వెనక్కి జారిపోతే రెండు గుట్టలు, మధ్యలో లోయ కనిపిస్తాయి: మొదటిది కాళ్లది, రెండోది ఆలస్యంగా అందుకున్న వీపుది. శిఖరం బాగా కుడివైపుకి జరిగి ఉంటే కాళ్లు ఏమీ చెయ్యలేదు, చివర్లో వీపూ చేతులే లాగాయి.

దీనికి తలకిందులైన తప్పు, కాళ్లు కదలకముందే భుజాలు వెనక్కి తెరుచుకోవడం. చైన్ గీత మీద ఒక కాగితం అంచు ఆనించి చూడండి. చైన్ నేలకి సమాంతరంగా వెనక్కి రాకుండా మొదట్లోనే పైకి లేస్తే ఇదే జరుగుతోంది. మోకాళ్లు దాటేచోట ఆపిన ఫ్రేములో మోచేతులు వంగి ఉంటే చేతులు తొందరపడ్డాయి. బావిలో చేద తోడేటప్పుడు చేంతాడు బిగిసి నిటారుగా ఉంటుంది చూడండి, కాళ్ల పని అయ్యేదాకా చేతులు అలాగే ఉండాలి.

ఫినిష్‌లో హ్యాండిల్ కింది పక్కటెముకల దగ్గర ఆగాలి, మణికట్టు వంగకూడదు, భుజాలు చెవుల వైపు లేవకూడదు. వెనక్కి వాలడం 30 డిగ్రీలు మించితే అదనంగా వచ్చే దూరం కొంచెమే, అక్కడినుంచి లేవడానికి పొట్ట కండరాలు పడే అవస్థ మాత్రం చాలా ఎక్కువ. దీన్ని పరీక్షించడానికి వీడియో కూడా అక్కర్లేదు. కాలి పట్టీలు విప్పేసి పది నిమిషాలు నెమ్మదిగా లాగండి. ఫినిష్‌లో పాదాలు పలకనుంచి లేచిపోతుంటే, మీరు ఇన్నాళ్లూ శరీరాన్ని ఆపుతున్నది పట్టీలతోనే. చివరిదాకా కాళ్లతో పలకని నొక్కి ఉంచితే పాదాలు లేవవు.

నాలుగో ఫ్రేము చాలామంది చూడరు, నా లెక్కలో ముందు చూడాల్సింది అదే. రికవరీలో ముందు చేతులు పూర్తిగా చాపాలి, తర్వాత తుంటి దగ్గరనుంచి శరీరం ముందుకి వాలాలి, ఆ తర్వాతే మోకాళ్లు లేవాలి. హ్యాండిల్ మోకాళ్లు దాటేసరికి భుజాలు తుంటికి ముందుకు వచ్చేసి ఉండాలి. మోకాళ్లు ముందే లేస్తే హ్యాండిల్‌ని వాటి మీదుగా ఎత్తి దాటించాలి, చైన్ మధ్యలో గూనిలా లేస్తుంది. ఇంకా వెనక్కే వాలి ఉన్న శరీరం చివరి క్షణంలో క్యాచ్‌లోకి దబ్బున పడుతుంది. అలా పడ్డ శరీరం బిగిసి ఉండదు కాబట్టి కాళ్లు తొయ్యగానే సీటు జారిపోతుంది. లాగేటప్పుడు కనిపించే తప్పుల్లో చాలావాటికి పుట్టిల్లు రికవరీ. ఫోర్స్ కర్వ్‌లో రెండు గుట్టలు చూసి కాళ్లని తిట్టుకుంటూ నెలల తరబడి తంటాలుపడేకన్నా, రికవరీని రెండు వారాలు దిద్దుకుంటే లోయ దానంతటదే పూడుతుంది.

దిద్దుకోడానికి విరామం పెట్టి లాగడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఫినిష్ తర్వాత చేతులు చాచి, శరీరం ముందుకి వాల్చి, మోకాళ్లు ఇంకా చాపి ఉండగానే ఆగండి. మనసులో ఒకటి, రెండు అనుకుని అప్పుడు సీటుని ముందుకు జరగనివ్వండి. ఇలా 10 స్ట్రోకులు, ఆపకుండా మామూలుగా 10, మళ్లీ ఆపుతూ 10. సీటు జారే తప్పుకి కాళ్లతో మాత్రమే లాగండి: చేతులు చాచి, వీపు వాలు మార్చకుండా 10 స్ట్రోకులు, తర్వాత కాళ్లూ వీపూ కలిపి 10, చివరికి చేతులు కూడా కలిపి 10. కాళ్లతో మాత్రమే లాగేటప్పుడు సీటు ఎంత జరిగితే హ్యాండిల్ అంతే జరగాలి, తేడా వస్తే చేతికి వెంటనే తెలుస్తుంది. ఒకేసారి రెండు తప్పులు దిద్దాలని చూడకండి. రెండూ సగం సగం కుదురుతాయి, ఏది ఎందుకు మారిందో వీడియోలో తేల్చుకోలేరు.

నిమిషానికి 20 స్ట్రోకులంటే ఒక్కోటి మూడు సెకన్లు. లాగడం సెకనులోపు, మిగతా రెండు సెకన్ల పైచిలుకు రికవరీకి. ఫ్రేములు లెక్కపెడితే స్ట్రోక్ మొత్తం 360, అందులో లాగే భాగం 120కి మించిందంటే నిదానంగా తోస్తున్నారు. 20 మీద ఇంకా తొందర తొందరగా ముందుకి జారిపోతున్నవాళ్లు 26, 28కి పెంచి లాభం లేదు.

మార్పు పనిచేస్తోందో లేదో ఒక్క స్ట్రోక్‌కి ఎన్ని మీటర్లు వెళ్తున్నారన్న దాన్నిబట్టి చూడండి. 500 మీటర్లకి 2:15 (రెండు నిమిషాల 15 సెకన్ల) వేగంతో, 20 రేటు మీద, అంటే నిమిషానికి 20 స్ట్రోకులతో లాగితే 45 స్ట్రోకులు పడతాయి, ఒక్కోదానికి 11.1 మీటర్లు. అదే 2:15ని 24 రేటు మీద లాగితే 54 స్ట్రోకులు, ఒక్కోదానికి 9.3 మీటర్లు. వేగం ఒకటే అయినా 20 రేటు మీది స్ట్రోక్‌లో పని ఎక్కువ. మీ పాత లెక్కనీ కొత్త లెక్కనీ పోల్చాలంటే మాత్రం రేటూ డ్రాగ్ ఫ్యాక్టరూ ఒకటే ఉండాలి, లేకపోతే లెక్క చెల్లదు. వేగం మాత్రమే చూసి మాత్రం నిరాశపడకండి. మానిటర్ చూపే వేగం పెరిగేకొద్దీ దానికి కావాల్సిన శక్తి వేగపు ఘనంలో పెరుగుతుంది: 2:15కి దాదాపు 142 వాట్లు, 2:00కి 203. పదిహేను సెకన్లు తగ్గించడానికి 40 శాతం పైగా ఎక్కువ శక్తి కావాలి. కొత్త పద్ధతి మొదలుపెట్టిన వారం రెండు వారాలు వేగం పడిపోవడం మామూలే, పాత కండరాలు కొత్త వరస నేర్చుకుంటున్నాయి. ఆ రోజుల్లో పాత పద్ధతికి తిరిగి వెళ్లిపోకపోవడమే కష్టమైన పని.

ప్రతి వీడియో ఫైలుకి తేదీ, డ్రాగ్ ఫ్యాక్టర్, రేటు, వేగం పేరుగా పెట్టుకోండి. రెండు వారాలకోసారి అదే చోట, అదే ఎత్తులో, అదే రేటు మీద మళ్లీ తీసి, పాత క్యాచ్ ఫ్రేమునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టండి. కాన్సెప్ట్2 వాళ్ల ఎర్గ్‌డేటా యాప్ కలుపుకుంటే ప్రతి స్ట్రోక్ డ్రైవ్ లెంగ్త్, అంటే హ్యాండిల్‌ని లాగిన దూరం, కూడా కనిపిస్తుంది. అలిసేకొద్దీ అది కుదించుకుపోతుంటే ముందుకు రావడం తగ్గిందా, ఫినిష్ దాకా లాగకుండా ఆపేస్తున్నారా అన్నది వర్కవుట్ చివర తీసిన వీడియోలో దొరుకుతుంది. ఆ వీడియోలో మొదట చెదిరింది ఏదో దాన్నే వచ్చే రెండు వారాలకి పనిగా పెట్టుకోండి.