ఫాతిమా అనే ఊరికి బస్సు

లిస్బన్‌లోని సెతే రియూష్ బస్టాండులో ఫాతిమాకు టికెట్టు తీసుకుంటే మన లెక్కలో పన్నెండు వందలు దాటింది. దూరం కాజీపేట నుంచి హైదరాబాదుకు ఉన్నంతే. అంత దూరానికి మన డీలక్స్ బస్సుకు ఇందులో నాలుగో వంతు చాలు. పోనీ రైల్లో పోదామా అంటే, ఫాతిమా అని బోర్డు పెట్టుకున్న స్టేషను ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఉంది. దిగాక మళ్ళీ టాక్సీ వెతుక్కోవాలి. అందుకే అందరూ బస్సే ఎక్కుతారు. మే నెల ఆదివారం, బస్సులో ఒక్క సీటు ఖాళీ లేదు.

లిస్బన్ ట్రాముల గురించీ, చేపల గురించీ ఇప్పటికే చాలామంది రాశారు, నేను రాయను. నేను పోర్చుగల్ వెళ్ళిందే ఈ ఊరి పేరు కోసం. పుట్టి పెరిగింది కాజీపేటలో. మాకు ఫాతిమా అంటే ముందు గుర్తొచ్చేది బస్ స్టేజీ. ఫాతిమానగర్‌లో దిగితే ఫాతిమా మాత పెద్ద చర్చి ఉంటుంది, వరంగల్ మేత్రాసనానికి, అంటే బిషప్ పరిధికి, అదే కేథడ్రల్. అక్కడి నుంచి దర్గా వైపు వస్తే ఏ గల్లీలో పిలిచినా ఒక ఫాతిమా పలుకుతుంది. మా క్లాసులోనే ఇద్దరుండేవాళ్ళు. చర్చిలోని మాతకూ నా పక్కన కూర్చునే పిల్లకూ ఒకే పేరు ఎట్లా వచ్చిందని ఒకసారి మా అమ్మను అడిగాను. "మంచి పేరు బిడ్డా, అందరికీ కావాలె గదా" అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. నాకు ఆ జవాబు సరిపోలేదు. ఇన్నేళ్ళు లోపల అట్లాగే ఉండిపోయింది.

కిటికీ పక్కన డెబ్బై ఏళ్ళావిడ కూర్చుంది. ఒళ్ళో గుడ్డసంచి, అందులోంచి మైనంతో చేసిన కాలు ఒకటి పైకి కనిపిస్తోంది. నేను చూస్తున్నానని గమనించి తనే చెప్పింది. కూతురికి మోకాలి ఆపరేషన్ అయిందట, నడక బాగుపడితే కాలు ఇస్తానని మొక్కుకుందట. ఫాతిమాలో కొంటే రేటు ఎక్కువని ఇంటి దగ్గరే కొనుక్కొచ్చిందట. మన దగ్గర వెండి కళ్ళు, వెండి పాదాలు మొక్కుకున్నట్టే. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాట కలిసింది. చాలా ఏళ్ళు ఇంగ్లండులో హోటళ్ళలో పనిచేసి వచ్చిందట, ఇంగ్లిష్ నాకంటే గబగబా మాట్లాడుతుంది.

"ఇండియానా? గోవానా?" అంది. పోర్చుగల్‌లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న అదే. కాదు, హైదరాబాదు దగ్గర అన్నాను. ఎక్కడికి అంటే ఫాతిమాకు అన్నాను. "మీరు వెళ్ళే ఊరే నా పేరు" అంది.

పూర్తి పేరు మరియా ద ఫాతిమా. ఆవిడ చదివిన బడిలో ఆ పేరుతో ఎంతమంది ఉండేవాళ్ళంటే, టీచరు ఇంటిపేర్లతో పిలిచేదట. అందులో ఆశ్చర్యం లేదు. 1917 మే 13న కోవా ద ఇరియా అనే మైదానంలో గొర్రెలు కాసుకుంటున్న ముగ్గురు పిల్లలకు మరియ మాత కనిపించిందని చెప్పుకుంటారు. లూసియాకు పదేళ్ళు, ఫ్రాన్సిస్కోకు తొమ్మిది నిండబోతున్నాయి, జసింతాకు ఏడు. అక్టోబరు 13 దాకా నెలకొకసారి కనిపించిందట. చివరిసారి వానలో వేలాదిమంది చేరారు, సూర్యుడు ఆకాశంలో తిరిగాడని చెప్పుకున్నారు. 1930లో అక్కడి బిషప్ దీన్ని నమ్మదగినదని ప్రకటించాడు. అప్పటిదాకా ఒక చిన్న ఊరికి మాత్రమే ఉన్న పేరు దేశమంతా ఆడపిల్లలకు వచ్చేసింది. పోర్చుగల్ నుంచి బ్రెజిల్‌కూ, మిషనరీల వెంట మా కాజీపేటకూ చేరింది.

"అది అరబ్బీ పేరని మీకు తెలుసా?" అని అడిగాను. కాస్త జంకుతూనే అడిగాను, మొక్కు తీర్చుకోబోతున్న మనిషి కదా.

"ఎందుకు తెలియదు, మూర్ల పేరు" అని ఆవిడ కథ మొదలుపెట్టింది. మూర్లంటే ఒకప్పుడు ఇక్కడ ఏలిన ముస్లింలు. పన్నెండో శతాబ్దంలో, ఈ నేల ముస్లింల చేతుల్లోంచి క్రైస్తవ రాజుల చేతుల్లోకి మారుతున్న రోజుల్లో, గొన్సాలో అనే యోధుడు ఒక మూర్ యువరాణిని ఎత్తుకొచ్చాడట. ఆమె పేరు ఫాతిమా. పెళ్ళికి ముందు ఆమెకు బాప్తిస్మం ఇచ్చి ఓరియానా అని పేరు పెట్టారట. ఆ కొత్త పేరు మీదే పక్కనున్న ఓరేం వెలిసిందనీ, పాత పేరు కొండల్లోని ఈ ఊరికి మిగిలిందనీ అక్కడి ఐతిహ్యం. ఆవిడ దాన్ని ప్రేమకథలాగా చెప్పింది. నాకు మాత్రం వింటుంటే కోపం వచ్చింది. ఎత్తుకొచ్చిన పిల్లకు తన పేరు కూడా మిగల్చలేదు. ఇప్పటికీ పాలనాపరంగా ఫాతిమా ఊరు ఓరేం మునిసిపాలిటీ కిందే ఉంది. మార్చిన పేరు కింద అసలు పేరు.

ఆ కోపంలోనే ఆవిడకు నాకు తెలిసిన ఫాతిమా గురించి చెప్పాను. మహమ్మదు ప్రవక్తకూ ఖదీజాకూ కూతురు, అలీకి భార్య, హసన్, హుసేన్‌ల తల్లి. 632లో తండ్రి పోయిన కొద్ది నెలలకే, చిన్న వయసులోనే తనూ పోయింది. ఆమె పేరు చెప్పుకునే ఫాతిమీ ఖలీఫాలు 969లో కైరో నగరాన్ని నిర్మించారు. పోర్చుగల్ దాకా వచ్చిన పేరు మాలిలో ఫతుమాతా అయింది, టర్కీలో ఫత్మా అయింది, ఇరాన్‌లో ఫాతెమే. ఇరాన్‌లో అమ్మల పండుగను ఆమె పుట్టినరోజునే జరుపుకుంటారు. హైదరాబాదులో మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం ఊరేగుతుంది. ఆమెకు చివరి స్నానం చేయించిన చెక్కలో ఒక ముక్క ఆ ఆలంలో ఉందని నమ్మకం. మా ఊళ్ళలో పీర్ల పండుగకు బీబీ ఫాతిమా పేరున కూడా ఒక పీరు ఉంటుందనీ, నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్ళలో సగానికి పైగా హిందువులేననీ చెప్పాను.

ఆవిడ చాలాసేపు నా మొహంలోకే చూస్తూ వింది. "ఆమె కొడుకులు ఏమయ్యారు?" అంది. చిన్నవాణ్ణి కర్బలాలో చంపారు అన్నాను. "అయ్యో, తల్లి" అంటూ ఒళ్ళోని సంచి మీద చేయి వేసుకుంది. అప్పటికి తల్లి బతికి లేదని చెప్పాను. "అయితే ఏంటి, తల్లి తల్లే కదా" అంది.

పేరుకు అర్థం అడిగింది. బిడ్డకు పాలు మాన్పించడం అనే ధాతువులోంచి వచ్చిందన్నాను. ఆవిడ పెద్దగా నవ్వితే ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు. "ముగ్గురికి మాన్పించాను, మూడోవాడు నన్ను చంపుకు తిన్నాడు" అంది. ఇప్పుడు కూతురికి మళ్ళీ నెలలట. ఆడపిల్ల పుడితే తన పేరు పెట్టమని అడుగుతోందట. అది ముసలమ్మల పేరని కూతురు ఒప్పుకోవడం లేదట. ఇప్పుడందరూ లియోనోర్, మతిల్ద్, అలీస్ అంటున్నారట. ఆవిడ బాధ నాకూ తగిలింది. కాజీపేటలో నాతో చదువుకున్న ఫాతిమాల కూతుళ్ళ పేర్లు గుర్తు చేసుకుంటే, వాళ్ళలో కూడా ఫాతిమా ఎవరూ లేరు.

ఊరి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. విశాలమైన ఆవరణ, తెల్లటి బసిలికా, ఎదురుగా 2007లో కట్టిన గుండ్రటి కొత్త చర్చి. పాలరాతి బాట మీద మోకాళ్ళతో నడుస్తున్న వాళ్ళను చూస్తే గొంతు పట్టేసింది. 1981 మే 13న పోప్ రెండో జాన్ పాల్ మీద కాల్పులు జరిగాయి. ఆ తూటాల్లో ఒకటి ఇక్కడి మాత విగ్రహ కిరీటంలో పొదిగి ఉంది. ఆవిడ తన మైనపు కాలును మంటల్లోకి జారవిడిచి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత నన్ను గట్టిగా కౌగిలించుకుని వెళ్ళిపోయింది. చుట్టూ దుకాణాల్లో చీకట్లో మెరిసే ప్లాస్టిక్ మాతలు వరసలుగా ఉన్నాయి, అవి చూస్తే మనసు నొచ్చుకుంది.

కాఫీ తాగుదామని ఒక చోట కూర్చున్నాను. లిస్బన్ కంటే రేటు ఎక్కువ. కాఫీ తెచ్చిన అమ్మాయి బ్యాడ్జి మీద ఫతుమాతా అని ఉంది. గినీ బిస్సావు నుంచి వచ్చిందట, ముస్లిం. యాత్రికులు రోజూ అడుగుతారట, మాత పేరు పెట్టుకున్నావా అని. "మా నానమ్మ పేరు అని చెప్తాను. వాళ్ళు సంతోషంగా చేయి పట్టుకుంటారు, నేనూ పట్టుకోనిస్తాను" అంది. మా అమ్మకు ఈ మాట చెప్పాలనిపించింది. ఆమె జవాబు సరిపోలేదని ఇన్నేళ్ళు అనుకున్నాను, కానీ ఈ పిల్ల చెప్పినదీ అదే.

మిగిలిన పూట ఓరేం కోటకు వెళ్ళాలనుకున్నాను, ఆ యువరాణి రెండో పేరున్న ఊరు కూడా చూడాలని. బస్టాండులో అడిగితే ఆదివారం కాబట్టి బస్సు లేదన్నారు. టాక్సీవాడు పన్నెండు కిలోమీటర్లకు ముప్ఫై యూరోలు అడిగాడు, తిరుగు ప్రయాణానికి వేరే అన్నాడు. ఇవ్వబుద్ధి కాలేదు. మీరు వెళితే ఆదివారం మానుకోండి, నెలలో పదమూడో తారీఖున అయితే గది దొరకడం కష్టం. మామూలు వారంలో వెళ్ళి రెండు ఊళ్ళూ చూసి రండి.