సీ3 తగ్గితే రోగనిరోధక శక్తి తగ్గినట్టేనా?

శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను కాబట్టి, రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే దాన్ని పట్టుకొని మా ఇంటికి వచ్చే ఇరుగుపొరుగువారు ఎప్పుడూ ఉంటారు. వైద్యం చెప్పడం నా పని కాదని, కాగితం మీద ఉన్న మాటకు అర్థం మాత్రమే చెప్పగలనని ముందుగానే చెబుతాను. ఈమధ్య మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ తన మనవడి కాగితం తెచ్చారు. కొన్ని వారాల కింద కాళ్ల మీద గజ్జి లేచి, గోకిన చోటల్లా చీము పట్టి, ఏదో పూత మందుతో మానింది. ఇప్పుడు పొద్దున్న లేచేసరికి పిల్లవాడి ముఖం ఉబ్బుతోంది, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోంది. పరీక్షల్లో సీ3 అన్న వరుసలో 28 అనీ, దాని పక్కన ఉండవలసిన హద్దు 90 నుంచి 180 అనీ అచ్చయి ఉంది. దాని కిందనే ఉన్న సీ4 మామూలుగానే ఉంది. "మా గుంటడికి రోగాన్ని కొట్టే బలం తగ్గిపోనాదంట బాబూ, ఏటి పెట్టాలి వాడికి?" అని ఆవిడ అడిగారు.

ఆ మాట ఆవిడకు ఎవరు చెప్పారో గాని, మన దగ్గర చదువుకున్నవారు కూడా ఈ అంకెను ఇలాగే చదువుతున్నారు. కోవిడ్ కాలంలో యాంటీబాడీ అన్న మాట ఇంటింటికీ చేరింది గాని, దానితో కలిసి పనిచేసే, సీ3, సీ4 లాంటి రక్తపు ప్రోటీన్లతో కూడిన కాంప్లిమెంట్ వ్యవస్థ సంగతి పాఠ్యపుస్తకం దాటి బయటకు రాలేదు. యాంటీబాడీలు సూక్ష్మజీవులను చంపుతాయని మా విద్యార్థులు పరీక్షలో ఒక్క వాక్యంలో రాసి ఊరుకుంటారు. నిజానికి యాంటీబాడీ తనంతట తానుగా బ్యాక్టీరియాను చంపడం అరుదు. ఎవరిని పట్టుకోవాలో అది గుర్తుపెడుతుంది, పట్టుకొని చేయవలసిన పనిలో పెద్దభాగం ఇతరులది.

ఈ పనివిభజనను మొదట స్పష్టంగా చూపించినవాడు బెల్జియం దేశస్థుడైన జూల్ బోర్డే. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో 1895లో అతడు చేసిన ప్రయోగం నాకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు, ఎందుకంటే దానికి వేడినీళ్లు, రెండు రకాల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) తప్ప పెద్ద సరంజామా ఏమీ అక్కరలేదు. కలరా క్రిములకు అలవాటు చేసిన జంతువు సీరం తాజాగా ఉన్నప్పుడు ఆ క్రిములను కరిగించివేస్తుంది. దాన్నే 55 డిగ్రీల దగ్గర వేడిచేస్తే ఆ శక్తి పోతుంది. ఇక్కడితో ఆగితే, వేడికి మందు చెడిపోయిందని ఎవరైనా అనుకుంటారు. బోర్డే ఆ వేడిచేసిన సీరంలోనే, కలరా ఎరుగని మామూలు జంతువు తాజా సీరం కొద్దిగా కలిపాడు. తనంతట తాను ఒక్క క్రిమినీ కరిగించలేని ఆ మామూలు సీరం కలవగానే, పోయిన శక్తి తిరిగి వచ్చింది. అంటే సీరంలో ఉన్నవి రెండు పదార్థాలు. ఒకటి వేడికి తట్టుకునేది, ఫలానా క్రిమి కోసమే పుట్టేది. రెండవది వేడికి నిలవనిది, ఏ క్రిమి సోకినా సోకకపోయినా రక్తంలో ఎప్పుడూ ఉండేది. మొదటిది యాంటీబాడీ, రెండవదానికి జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ కాంప్లిమెంట్ అని పేరు పెట్టాడు. బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. నేటికీ సిఫిలిస్ జబ్బును కనిపెట్టే వీడీఆర్ఎల్ పరీక్ష చేసే ప్రయోగశాలల్లో సీరాన్ని 56 డిగ్రీల నీటితొట్టిలో అరగంట ఉంచిన తరువాతనే వాడతారు. ఆ అరగంట కాంప్లిమెంట్‌ను పనికిరాకుండా చేయడానికే.

యాంటీబాడీ ఆకారం చూస్తే ఈ సంబంధం తేటపడుతుంది. రెండు చేతులు, ఒక తోక ఉన్న ఆంగ్ల అక్షరం వై లాంటి ఈ నిర్మాణాన్ని విడమరిచినందుకు ఎడెల్మన్, పోర్టర్ ఇద్దరికీ 1972లో నోబెల్ ఇచ్చారు. చేతులు శత్రువును పట్టుకుంటాయి, తోక మిగతావారిని పిలుస్తుంది. చేతులతోనే సరిపోయే పని ఎలా ఉంటుందో మన జిల్లాలో జీడితోటలోకి వెళ్లేవారందరికీ తెలిసిన మందే చూపిస్తుంది. పాముకాటుకు ఇచ్చే ఏఎస్‌వీ, నాలుగు రకాల పాముల విషానికి గుర్రాలు తయారుచేసిన యాంటీబాడీయే. మన దేశంలో తయారయ్యే ఈ మందులో దాని తోకను ఎంజైముతో కోసివేసి, చేతుల భాగాన్ని మాత్రమే ఉంచుతారు. విషాన్ని పట్టి కదలకుండా చేస్తే చాలు కాబట్టి అక్కడ తోకతో పనిలేదు. బ్యాక్టీరియా సంగతి అలా కాదు, దాన్ని పట్టుకుంటే చాలదు, వదిలించుకోవాలి.

రక్తంలో ఊరికే తిరుగుతున్న యాంటీబాడీని కాంప్లిమెంట్ పట్టించుకోదు. క్రిమి ఒంటి మీద పక్కపక్కన ఐజీజీ రకం యాంటీబాడీల తోకలు కొన్ని గాని, వంగి కూర్చున్న ఐజీఎం రకం యాంటీబాడీ ఒక్కటి గాని కనబడినప్పుడే, ఆరు తలలున్న సీ1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రోటీన్ వచ్చి వాటిని పట్టుకుంటుంది. అక్కడి నుంచి సీ4, సీ2 తెగి, రెండూ కలిసి సీ3ను కోసే ఎంజైముగా మారతాయి. ఒక్కొక్క ఎంజైము అనేక సీ3 అణువులను కోస్తుంది. తెగిన పెద్దముక్క సీ3బీ, దగ్గరలో ఏ ఉపరితలం దొరికితే దానికి రసాయనబంధంతో అంటుకుంటుంది, లేదా క్షణంలో వెయ్యోవంతు కూడా గడవకముందే నీటితో కలిసి వృథా అవుతుంది. అందుకే మంట రేగిన చోటు దాటి పని అంతగా పాకదు. సీ3బీ అంటిన క్రిమిని తెల్లకణాలు సులువుగా మింగుతాయి. చిన్నముక్కలైన సీ3ఏ, సీ5ఏ వాపును తెస్తాయి, వీటిలో సీ5ఏ తెల్లకణాలను ఆ చోటికి రప్పిస్తుంది. చివరగా సీ5బీ నుంచి సీ9 వరకు కలిసి క్రిమి పొరకు రంధ్రం వేస్తాయి. విద్యార్థులకు ఈ రంధ్రం బొమ్మ మీదనే మక్కువ. కాని మందపాటి గోడ ఉన్న స్ట్రెప్టోకాకస్ లాంటి క్రిముల మీద ఆ రంధ్రం పారదు, అక్కడ మింగించడమే దారి. యాంటీబాడీ పిలుపు లేకుండానే సీ3 నిరంతరం కొద్దికొద్దిగా తెగుతూ, అడ్డు లేనిచోట పెచ్చుపెరిగే మరో మార్గం ఉంది. దీన్ని 1954లో పిల్లెమర్ ప్రతిపాదించినప్పుడు తోటి శాస్త్రవేత్తలు చాలామంది కొట్టిపారేశారు. తరువాత అది నిజమని తేలింది.

ఇప్పుడు ఆ పిల్లవాడి కాగితం. గజ్జి పుండ్లలో చేరిన స్ట్రెప్టోకాకస్‌కు శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. పుండు పట్టిన మూడు నుంచి ఆరు వారాలకు, గొంతునొప్పి తరువాతైతే ఒకటి నుంచి మూడు వారాలకు, క్రిమి ముక్కలు, యాంటీబాడీలు జతకట్టి మూత్రపిండాల వడపోత పొరలో చేరతాయి. అక్కడ కాంప్లిమెంట్ రగులుకొని, క్రిమి లేకపోయినా పొరను గాయపరుస్తుంది. కాలేయం తయారుచేస్తున్న దానికంటే వేగంగా సీ3 ఖర్చవుతుంది కాబట్టి రక్తంలో దాని మట్టం పడిపోతుంది. నాగావళికి వరద వచ్చిన రోజున గోదాములో ఇసుక బస్తాలు తగ్గాయంటే, అవి గట్టు మీదకు చేరాయని గదా అర్థం. రోగాన్ని కొట్టే బలం తగ్గలేదు, అది తగని చోట ఖర్చవుతోంది. కాబట్టి ఆవిడ అడిగినట్టు బలానికి పెట్టవలసినది ఏదీ లేదు. పైగా ఆ వాపు తగ్గేవరకు ఉప్పు తగ్గించమని, రక్తపోటు చూస్తుండమని వైద్యులు చెబుతారు.

సీ4 మామూలుగా ఉండడం కూడా ఒక ఆధారమే. యాంటీబాడీ పిలుపుతో సాగే దారిలోనైతే సీ4 కూడా ఖర్చు కావాలి. ఈ జబ్బులో ఎక్కువగా పిల్లెమర్ చెప్పిన దారి నడుస్తుంది కాబట్టి సీ3 ఒక్కటే పడుతుంది. మరొక సంగతి, స్ట్రెప్టోకాకస్ మీద పుట్టిన ఒక యాంటీబాడీని కొలిచే ఏఎస్‌ఓ పరీక్ష మామూలుగా వస్తే స్ట్రెప్టోకాకస్ కాదని తోసిపుచ్చేవారున్నారు. గొంతు నుంచి వచ్చినప్పుడు అది పెరుగుతుంది గాని, చర్మపు పుండ్ల తరువాత తరచుగా పెరగదు. అప్పుడు అదే క్రిమి మీద పుట్టే మరో యాంటీబాడీని కొలిచే యాంటీ డీఎన్ఏస్ బీ పరీక్ష చూడాలి.

మన జిల్లాలో కిడ్నీ అన్న మాట వినగానే అందరి మనసూ ఉద్దానం మీదకు పోతుంది. ఆవిడ కళ్లలో కనబడిన భయం కూడా అదే, ఆవిడ పుట్టిల్లు కవిటి దగ్గర. కాని రెండింటికీ పొంతన లేదు. కవిటి, సోంపేట, పలాస వైపు కనిపించేది పెద్దవారిలో ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా సాగే జబ్బు, దాని కారణం ఇంకా తేలలేదు. ఇది పిల్లల్లో హఠాత్తుగా, ఎర్రటి మూత్రంతో బయటపడేది, చాలామందిలో పూర్తిగా నయమయ్యేది.

నయమవుతోందనడానికి సాక్ష్యం మళ్లీ ఆ సీ3 అంకెలోనే ఉంటుంది. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అది తన హద్దులోకి వస్తుంది. మూడు నెలలు గడిచినా అడుగునే ఉంటే అది పుండ్ల వల్ల వచ్చినదేనా అని అనుమానించి, మూత్రపిండం ముక్క తీసి పరీక్షించే ఆలోచన చేస్తారు. కాంప్లిమెంట్‌కు కళ్లెం వేసే ఫ్యాక్టర్ హెచ్ లాంటి ప్రోటీన్లలో లోపం ఉందేమో, సీ4 కూడా తగ్గి ఉంటే, శరీరం తన మీదే యాంటీబాడీలు తయారుచేసుకునే లూపస్ జబ్బు ఏమో అప్పుడు వెతుకుతారు.