పాత తూటాల పెట్టెకు వెల కట్టే పని

అమెరికాలో ఇంటి పెద్ద కాలం చేశాక, పిల్లలు వేరే రాష్ట్రాల్లో స్థిరపడి ఉంటే, ఇంట్లోని సామానంతా జాబితా రాసి, వెల కట్టి, అమ్మిపెట్టే సంస్థలు ఉంటాయి. పెన్సిల్వేనియాలో అలాంటి ఒక సంస్థలో నేను పనిచేస్తున్నాను. బీరువాలు, గడియారాలు, గాజు సామాను చూసేవాళ్లు వేరే ఉన్నారు. నేల కింది గదిలోనో గ్యారేజీలోనో తూటాలు బయటపడితే ఆ పని నాకు వస్తుంది. రాజోలు వైపు వశిష్ఠ గట్టు పక్కన పెరిగిన వాడికి ఈ పనేమిటని మనవాళ్లు అడుగుతుంటారు. నేను దీనిని బాధ్యత గల పనిగానే భావిస్తాను, ఎందుకంటే పెట్టెలో ఉన్నదేమిటో తెలియక మోసపోయేవారినీ, తెలియక ప్రమాదం కొనితెచ్చుకునేవారినీ ఇక్కడ తరచుగా చూస్తున్నాను.

కొత్తగా వచ్చిన మనవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకీనే కాదు, ఒక్క తూటాను కూడా దగ్గర ఉంచుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం చెబుతుంది. ఆ వీసా మీద ఉన్నన్నాళ్లూ నేను ఇదే సంస్థలో లెక్కలు రాశాను. గ్రీన్ కార్డు చేతికి వచ్చిన తరువాతే ఈ బల్ల దగ్గర కూర్చున్నాను. స్నేహితుడు ఇచ్చాడనో, అద్దె ఇంటి అటక మీద దొరికిందనో తూటాల పెట్టెను ఇంట్లో పెట్టుకున్న కుర్రవాళ్లకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

పెట్టె తెరవగానే ధర గురించి ఆలోచించకూడదు. కాఫీ డబ్బాలో కలగాపులగంగా పోసినవి, ఆకుపచ్చ ఇనుప డబ్బాలో ఉన్న సైన్యపు మిగులు సరుకు, మూత విప్పని కంపెనీ పెట్టెలు, పోయినవారు ఇంట్లోనే మందు కూరి చేసుకున్నవి, అన్నీ ఒకేచోట ఉంటాయి. ఇంట్లో చేసుకున్నవాటికి తూటాలుగా విలువ లేదు. మరొకరు ఎంత మందు పోశారో తెలియనిదాన్ని తన తుపాకీలో పెట్టి కాల్చడానికి తెలివైనవాడెవడూ ఒప్పుకోడు. వాటిని తెలిసినవారి చేత విప్పించి, ఇత్తడినీ సీసాన్నీ విడిగా అమ్మవచ్చు. సైన్యం వాడిన .30-06 అనే కొలత తూటాల్లో మొనకు నల్లరంగు ఉంటే కవచాన్ని ఛేదించేది, ఎరుపో నారింజో ఉంటే వెలుగు చిమ్ముతూ పోయేది, నీలం ఉంటే నిప్పంటించేది అని అర్థం. ఇక యుద్ధం నుంచి జ్ఞాపకంగా తెచ్చుకున్న గ్రెనేడో, ఫిరంగి గుండో కనబడితే దాన్ని చేత్తో ముట్టకుండా, అందరినీ బయటికి పంపి, పోలీసులను పిలవాలి. అది ఖాళీదే అయి ఉంటుందని అనుకోవడానికి ఎవరికీ హక్కు లేదు.

అవన్నీ పక్కకు తీశాక అసలు చదువు మొదలవుతుంది. తూటా అడుగున చుట్టూ చెక్కిన అక్షరాలూ అంకెలూ దాని జాతకం చెబుతాయి. 'ఎఫ్ ఎ' అని ఉంటే ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధాగారం. పక్కన ఉన్న రెండంకెలు తయారైన సంవత్సరం. 1950ల మొదటివరకు అమెరికా సైన్యం వాడిన తూటాల్లో చాలావాటి ప్రైమర్‌లో, అంటే దెబ్బ తగలగానే మందుకు నిప్పంటించే అడుగు భాగంలో, పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలిన తరువాత మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చి తుపాకీ గొట్టాన్ని తినేస్తుంది. అందుకే కాల్చడానికి కొనేవారికి ఆ సంగతి ముందే చెప్పాలి. ఒకసారి ఒక రైతు ఇంటి గ్యారేజీలో .303 కొలత తూటాల మధ్య 'కె ఎఫ్' ముద్ర కనిపించింది. అది పుణె పక్కనున్న కిర్కీది, నేటి ఖడ్కీ. మన దేశంలో చేసిన తూటాను ఇంత దూరంలో, మంచు కురుస్తున్న ఊళ్లో చూడడం నాకు విచిత్రంగా అనిపించింది. కానీ ఆ సరుకు మీద ఇక్కడ కాల్చేవారికి నమ్మకం లేదు కనుక, సేకరణకర్తలకు తప్ప అమ్మవద్దని రాశాను.

వేటగాళ్ల ఇళ్లలో దొరికే అట్టపెట్టెల మీద నాకు ఎక్కువ మక్కువ. 1960లో రెమింగ్టన్ కంపెనీ ప్లాస్టిక్ గొట్టం తెచ్చేవరకు షాట్‌గన్ (ఒకేసారి చాలా రవ్వలు చిమ్మే వేట తుపాకీ) తూటాలకు కాగితపు గొట్టాలే ఉండేవి. వించెస్టర్, పీటర్స్, రెమింగ్టన్-యు.ఎం.సి. పేర్లతో వచ్చిన పాత పెట్టెల మీద రంగుల్లో అచ్చువేసిన బొమ్మలు ఎంతో అందంగా ఉంటాయి. మూత వేరుగా, అడుగు వేరుగా ఉండే రెండు ముక్కల పెట్టె నాలుగు మూలలూ చిరగకుండా, చీటీ వెలిసిపోకుండా దొరికితే లోపలి తూటాలకంటే పెట్టెకే ఎక్కువ పలుకుతుంది. ఖాళీ పెట్టెను కూడా పోటీపడి కొంటారు. లోపలి తూటాను తీసి సరైన కొలత ఉన్న ఉంగరంలోంచి జార్చి చూస్తాను. తేమకు ఉబ్బిన కాగితం మధ్యలోనే ఇరుక్కుంటుంది, అంటే అది తుపాకీలోకి కూడా పోదు. వేలితో నిమిరితే కాగితం పొరలు పొరలుగా లేచి, మొదట్లోని ఇత్తడి టోపీ చుట్టూ చిలుము పచ్చగా కనిపిస్తుంది. దాన్ని తళతళలాడేలా తోమి ధర పెంచుదామని వారసులు అనుకుంటారు. తోమితే సేకరణకర్త ముట్టుకోడు, నూనె పూస్తే అది ప్రైమర్ దాకా ఇంకుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడమే మేలు.

ఇత్తడి పగుళ్ల గురించి నేను చదివిన పాఠం మన దేశానిదే. బ్రిటిషువారి కాలంలో మన దేశంలో సైన్యం నిల్వచేసిన తూటాల ఇత్తడి గొట్టాలు, వానాకాలం వచ్చేసరికి వాడకుండానే నిలువునా పగిలేవి. గుర్రపుశాలలకు దగ్గరలో ఉన్న నిల్వల్లో ఇది ఎక్కువగా కనబడేది. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ కలిసి, సాగదీసి తయారుచేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి ఉన్న చోట్ల దాడి చేస్తాయని 1921లో వివరణ వెలువడింది. తగినంత వేడిచేసి ఆ ఒత్తిడిని తీసివేయడం దీనికి మందు. గాలి ఆడని గదులు, ఏడాదిలో సగం తేమ, ఇంటి గోడకు ఆనించిన పశువుల పాక ఉన్న మన డెల్టా ఇళ్లకు ఈ పాఠం ఎంత దగ్గరిదో నాకు తరువాత తెలిసింది.

అమ్మకం మాటకొస్తే, కొత్తవీ, మూత విప్పనివీ అయిన కంపెనీ తూటాలు దుకాణపు ధరకు కొంచెం తక్కువలో వేలంలో పోతాయి. దుకాణదారుడికే ఇస్తే అందులో సగం వస్తే గొప్ప. అరుదైన కొలతల తూటాలకు, ఆ కొలత పాత రైఫిల్ ఉండి తూటాలు దొరకనివాళ్లు మంచి ధర ఇస్తారు. ఇంటర్నెట్‌లో ఎవరో అడుగుతున్న ధర చూసి మురిసిపోకూడదు, నిజంగా అమ్ముడైన ధరలనే చూడాలి. ఈబేలో తూటాలు అమ్మనివ్వరు. ప్రభుత్వ తపాలాలో పంపడం నిషిద్ధం. ప్రైవేటు కొరియర్లు వాళ్ల షరతుల ప్రకారం రోడ్డు మార్గాన, పెట్టె మీద ప్రమాదకర సరుకు గుర్తు వేస్తే తీసుకుంటాయి. కాలిఫోర్నియాలో 2019 నుంచి, న్యూయార్క్‌లో 2023 నుంచి కొనేవారి పూర్వాపరాలు తనిఖీ చేయాలి. ఇవేవీ తెలియని విధవరాలి దగ్గరికి పొరుగువాడు వచ్చి, "ఇదంతా పాత చెత్త, నేను తీసుకుపోతాను" అంటూ రెండు ముక్కల పెట్టెలను కాఫీ డబ్బాతో సహా పట్టుకుపోవడం చూశాను. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

నా మేనమామ పోయిన తరువాత ఇంటి దగ్గర నుంచి బావ వీడియోలో ఒక భోషాణం చూపించాడు. రెండు గొట్టాల తుపాకీ, ఎలీ-కైనోక్ పేరుతో ఒక విదేశీ పెట్టె, ఖడ్కీ ఫ్యాక్టరీ పెట్టెలు కొన్ని ఉన్నాయి. 1986 వరదలో ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు ఆ భోషాణం తడిసిందని అత్తయ్య గుర్తుచేసుకుంది. "ఒరేయ్ బావా, అక్కడ ఇవి లక్షలు పలుకుతాయంటున్నావు కదా, ఈసారి వచ్చినప్పుడు పట్టుకుపోరాదూ" అన్నాడు. మన విమానాశ్రయాల్లో సంచి అడుగున మరిచిపోయిన ఒక్క తూటాకే కేసు పెడతారని, ఆ మాట ఫోనులో కూడా అనవద్దని చెప్పాను.

మన దేశంలో ధర తరువాతి మాట. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సుదారు మరణిస్తే, ఆయన తుపాకీ, తూటాలు ఇంట్లో ఉంచుకునే హక్కు కుటుంబానికి దానంతట రాదు. అనవసరపు జాప్యం లేకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులోగానీ, లైసెన్సున్న వ్యాపారి దగ్గరగానీ జమ చేయాలి. ఆ చట్టంలోని 21వ సెక్షన్ చట్టబద్ధమైన వారసులకు రెండు దారులు ఇస్తుంది: తమ పేర లైసెన్సు సంపాదించి తిరిగి తీసుకోవడం, లేదా ఉంచుకోవడానికి అర్హత ఉన్నవారికి అమ్మడం. గడువు దాటితే కలెక్టరు ఉత్తర్వుతో ప్రభుత్వపరం కావచ్చు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మావయ్య తుపాకీని స్టేషనులో జమచేసి రసీదు తెచ్చుకునేవాడు కాబట్టి అత్తయ్యకు ఆ దారి కొత్తది కాదు.

బావ చేత ప్రతి తూటాను కెమెరాకు దగ్గరగా పెట్టించి చూశాను. పశువుల పాక గోడవైపు ఉన్న పెట్టెలో ఇత్తడి టోపీల అంచున వెంట్రుకంత పగుళ్లు, కాగితం మీద నీటిచార కనిపించాయి. మంచివి, పాడైనవి వేర్వేరుగా లెక్కరాసి, లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం జతచేసి స్టేషనుకు తీసుకువెళ్లమన్నాను. ఎస్సై గారు రెండు జాబితాలూ సరిచూసి విడివిడిగా రసీదులు ఇచ్చారు. తుపాకీని లైసెన్సున్న వ్యాపారి ద్వారా అమ్మడానికి అత్తయ్య పేర అర్జీ వేశారు. పగిలిన తూటాలను అమ్మకంలో చేర్చకుండా ధ్వంసం చేయాలని కూడా అందులోనే రాయించాము. కలెక్టరేటు నుంచి జవాబు రావలసి ఉంది.