బెంచి మీద ఆరు వారాలు

"బెంచి మీద ఉన్నాను" అంటే ఏమిటో అమెరికాలో కన్సల్టెన్సీ ద్వారా ఉద్యోగాలు చేసిన తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. చేతిలో ప్రాజెక్టు అయిపోయింది, కొత్తది రాలేదు, జీతం ఆగిపోయింది. 2015 వేసవిలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక గెస్ట్ హౌసులో నేను అలా ఆరు వారాలు ఉన్నాను. రెండు గదుల్లో ఏడుగురం. తూర్పు తీరం నుంచి తెల్లవారుజామునే ఇంటర్వ్యూ పిలుపు రావచ్చని ఫోను తలగడ పక్కనే పెట్టుకుని పడుకునేవాళ్లం. నాన్నకు మాత్రం పని బాగానే సాగుతోందని చెప్పేవాణ్ణి.

అప్పుడు ఊరంతా ఆ ప్రాంతపు బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ జెండాలే. బాస్కెట్‌బాల్ నియమాలు కూడా సరిగా తెలియని నేను, ఆ జట్టు కోచ్ స్టీవ్ కెర్ గురించి వెతికి వెతికి చదివాను. ఆయనా బెంచి మీది మనిషే. పుట్టింది లెబనాన్ రాజధాని బీరూట్‌లో. తండ్రి మాల్కమ్ కెర్ అక్కడి అమెరికన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా ఉండగా 1984లో హత్యకు గురయ్యారు. కొడుకు వయసు అప్పటికి 18, అరిజోనాలో చదువుకుంటున్నాడు. ఆ దుఃఖం మోస్తూనే ఆడి, 1988 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, 50వ పేరుగా అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో అడుగుపెట్టాడు.

15 సీజన్లలో 910 ఆటలు. వాటిలో ఆట మొదలయ్యేటప్పుడు దిగే మొదటి అయిదుగురిలో ఉన్నది 30 ఆటల్లోనే. ఆ 30 అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మిగతా 880 సార్లూ పక్కన కూర్చుని, పిలిచినప్పుడు లేచి వెళ్లినవాడే. చల్లబడిన చేతులతో వెళ్లి కూడా దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు నూటికి 45కు పైగా బుట్టలో వేశాడు. అంత సగటు ఎన్‌బీఏ చరిత్రలో ఇంకెవరికీ లేదు. 1997 ఫైనల్స్ (నాలుగు ఆటలు ముందు గెలిచిన జట్టుదే టైటిల్) ఆరో ఆట చివరి క్షణాల్లో మైకేల్ జోర్డాన్ బంతి అందించింది ఆయనకే. ఆ షాటుతో వాళ్ల జట్టు షికాగో గెలిచింది.

కోచ్‌గా ఆయన మొదటి ఏడాది 2015 ఫైనల్స్‌లో వారియర్స్ జట్టు 2-1తో వెనకబడింది. అంతకుముందు పదేళ్లూ మొదటి అయిదుగురిలోనే ఆడిన ఆండ్రే ఇగ్వడాలాను ఆ సీజన్ మొత్తం బెంచి మీద కూర్చోబెట్టింది కెరే. నాలుగో ఆటకు అతన్నే మొదట దింపాడు. ఆ ఆలోచన పాత ఆటల వీడియోలు చూసిన ఒక యువ సహాయకుడిదని గెలిచాక అందరి ముందూ చెప్పాడు. ఇగ్వడాలా ఆ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

ఆ నాలుగో ఆటను మేం ఏడుగురం నేల మీద కూర్చుని చూశాం. వారియర్స్ 103-82తో గెలిచారు. ఎవరో అన్నం కుక్కరు ఆపడం మరిచిపోయారు, అడుగంటింది. ఎవరికీ కోపం రాలేదు.

పది రోజులకు నాకు శాక్రమెంటోలో ప్రాజెక్టు వచ్చింది. బయలుదేరేటప్పుడు మిగిలిన ఆరుగురూ నా పెట్టెలు కారు దాకా మోసుకొచ్చారు. వాళ్లలో ఇద్దరి ఫోన్లు అప్పటికీ చేతుల్లోనే ఉన్నాయి.